దసరా సెలవుల దాకా ఏం చెయ్యాలంటే...

చిరంజీవి మేనకోడలికి,

ప్రమోషన్ మీద ప్రాథమికోన్నత పాఠశాలకు వెళ్లావనీ, ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయురాలి బాధ్యత కూడా నీ నెత్తినే పడిందనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పంపిన జాబితా కూడా చూశాను. బడిబాట, యోగా దినం, వనమహోత్సవం, నులిపురుగుల మాత్రలు, ఇన్‌స్పైర్, ఎస్‌జీఎఫ్ ఆటలు, స్వపరిపాలన దినం, కాళోజీ జయంతి, బతుకమ్మ, మధ్యలో రెండు ఫార్మెటివ్ పరీక్షలు. "మామయ్యా, ఇవన్నీ చేస్తే పాఠం ఎప్పుడు చెప్పాలి?" అని కింద రాశావు.

అన్నీ చెయ్యాల్సిందే బిడ్డా, తప్పదు. కానీ అన్నిటికీ ఒకే పీట వెయ్యకు. కొన్నిటిని పొద్దున ప్రార్థన దగ్గరే పదిహేను నిమిషాల్లో ముగించెయ్. కొన్నిటికి నెల రోజులు పెట్టు. ఏది ఎటు పోవాలో జూన్‌లోనే కూర్చుని తేల్చుకుంటే సెప్టెంబర్‌లో ఊపిరి ఆడుతుంది. నీ దగ్గరున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సంగతి నీకు తెలిసిందే. ఒకటో తరగతి వాళ్లను అందరూ ముద్దు చేస్తారు, పదో తరగతి అంటే అందరూ హడలిపోతారు, ఈ నడిమి పిల్లలను అడిగే నాథుడు ఉండడు. ఉత్తీర్ణత శాతం ఎంత అని మీటింగులో నిన్ను ఎవరూ నిలదీయరు. అదే నీకు కలిసొచ్చే సంగతి. ఆ మూడేళ్లూ వాళ్ల చేత పనులు చేయించు.

ముందు బడిబాట. ఐదో తరగతి అయిన పిల్లలు ఊరి బడిలోనే ఉంటారా, పచ్చ బస్సెక్కి పట్నం బడికి పోతారా అన్నది ఈ రోజుల్లోనే తేలుతుంది. బ్యానర్ పట్టుకుని పొద్దున పదకొండింటికి ర్యాలీ తీస్తే ఇళ్లకు తాళాలు కనిపిస్తాయి. తొలకరి పడితే పత్తి గింజలు పెట్టడానికి ఆడవాళ్లంతా చేన్లలోనే ఉంటారు. పొద్దుగూకాక వెళ్లు, తల్లులతో మాట్లాడు. ఉచిత పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం సంగతి వాళ్లకు నీకంటే బాగా తెలుసు. వాళ్లు అడిగేది వేరు: "లెక్కలు చెప్పే సార్ ఉన్నడా? ఇంగ్లిష్ ఎవరు చెప్తరు?" ఉన్నది ఉన్నట్టు చెప్పు. లేని టీచర్‌ను ఉన్నాడని చెబితే ఆగస్టులో ఆ తల్లే వచ్చి టీసీ అడుగుతుంది. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని మహిళా సంఘం వాళ్లను వెంట తీసుకెళ్లు. నీ మాట కంటే వాళ్ల మాట ఆ వాడలో ఎక్కువ చెల్లుతుంది.

ఆ తిరుగుడులోనే ఇంకో పని పూర్తి చెయ్. అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు పాస్‌బుక్‌లో మరోలా ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక. పుట్టిన తేదీ ఒక్కోచోట ఒక్కోటి. ఇవన్నీ జూన్, జులైలలో సరిచేయించకపోతే స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు ముందు రోజు రాత్రి మీసేవ కేంద్రం దగ్గర నువ్వూ ఆ పిల్లల తండ్రులూ లైన్లో నిలబడతారు. తరగతి వారీగా ఒక కాగితం మీద మూడు గడులు గీసి టీచర్లకు పంచు, వారంలో నింపి ఇమ్మను. ఉత్సాహం కలిగించే పని కాదు కానీ ఏడాది మొత్తంలో ఇంతకంటే లాభసాటి పని ఇంకొకటి ఉండదు.

ప్రార్థన సమయాన్ని ఆరో తరగతి వాళ్లకు అప్పగించు. ఎనిమిదో తరగతి ఆడపిల్లల్లో గట్టి గొంతున్న ఇద్దరే ఏడాది పొడుగునా ప్రతిజ్ఞ చెప్పించడం మన బడుల్లో ఆనవాయితీ. దాన్ని మాన్పించు. దినపత్రికలో ఒక శీర్షిక, దాని కింద నాలుగు వాక్యాలు, రోజుకో పిల్లవాడు చదవాలి. చదవడం ఎవరికి రాదో నెల తిరిగేసరికి ఏ పరీక్షా పెట్టకుండానే తెలుస్తుంది. వాళ్లను ఒకటి నుంచి ఐదు తరగతుల కోసం చేసిన తొలిమెట్టు పద్ధతిలోనే, సాయంత్రం అరగంట, విడిగా కూర్చోబెట్టు. అన్నట్టు ఆ ప్రతిజ్ఞ రాసింది మన నల్లగొండ జిల్లా అన్నెపర్తి మనిషి, పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్నప్పుడు తెలుగులోనే రాశారు. దేశమంతా ఇప్పుడు తమ తమ భాషల్లో చెబుతోంది. రోజూ చెయ్యి చాచి చెప్పే పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం నాకు నచ్చదు.

యోగా దినం, జనాభా దినం, నులిపురుగుల మాత్రలు త్వరగా కానిచ్చే పనులు. మాత్ర మాత్రం భోజనం అయ్యాక నీ ఎదురుగా నమిలించు, జేబులో వేసుకుని పోనివ్వకు. జ్వరంతో ఉన్నవాళ్లకు ఆ రోజు ఇవ్వొద్దు, వదిలిపోయిన వాళ్లకు తరవాత ఇంకో రోజు పెడతారు. వనమహోత్సవం 1950 నుంచి ఉన్నదే. వంద మొక్కలు పంపితే వంద నాటాలని రూలేమీ లేదు, నీళ్లు పోయగలిగినన్ని నాటు. మొక్కకో ఆరో తరగతి పిల్లవాడిని పెట్టు, వాడు ఇంకా మూడేళ్లు ఆ బడిలోనే ఉంటాడు. మేకలకు కంప ముందు నాటి, మొక్క తరవాత నాటు.

ఇక నెల రోజులు పెట్టమన్న వాటికి వస్తాను. మొదటిది ఇన్‌స్పైర్, పిల్లల సైన్స్ ఆలోచనల పోటీ. ఒక్కో బడి నుంచి ఐదుగురి ఆలోచనలు పంపొచ్చు. ఎంపికైన పిల్లల ఖాతాలో పది వేల రూపాయలు పడతాయి, దాంతో నమూనా తయారుచేసి జిల్లా ప్రదర్శనకు తీసుకెళ్లాలి. చాలా బడుల్లో జరిగేది ఏమిటంటే, గడువు రేపనగా సైన్స్ టీచర్ యూట్యూబ్‌లో చూసి ఐదు ఐడియాలు తనే రాసి, ఐదు పేర్లు తగిలిస్తారు. జిల్లా ప్రదర్శనకు వెళ్లి చూడు: అదే థర్మాకోల్ ఇల్లు, అదే వాన నీటి ట్యాంకు, అదే సెన్సార్ చెత్తబుట్ట వరసగా పది బల్లల మీద ఉంటాయి. న్యాయనిర్ణేత ఒక్క ప్రశ్న వెయ్యగానే పిల్లవాడు టీచర్ మొహం చూస్తాడు.

నువ్వు జులై మొదటి వారంలో ఒక అట్టపెట్టె పెట్టు. "కొత్తగా ఏం కనిపెడతావు?" అని అడగకు, ఆ ప్రశ్నకు పెద్దవాళ్లం మనమే నోరు తెరవలేం. "మీ ఇంట్లో అమ్మకు, నాన్నకు ఏ పనిలో చెయ్యి నొస్తుంది, నడుం నొస్తుంది?" అని అడుగు. చీటీ రాసి పెట్టెలో వెయ్యమను. చింతకింది మల్లేశం కథ చెప్పు. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది, చదివింది ఆరో తరగతి, అంటే నీ బడిలో పిల్లల ఈడే. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో వాళ్లమ్మ లక్ష్మి దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పుతూ తిప్పుతూ భుజాలు పడిపోతుంటే చూడలేకపోయాడు. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించాలని చెబుతారు. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో యంత్రం తయారుచేశాడు, దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ కథ చెప్పాక వచ్చే చీటీలు చూడు. పత్తి ఏరేటప్పుడు వేళ్లకు గీరుకునే కాయ తొడిమెల గురించి, బీడీలు చుట్టే నాయనమ్మ మెడ గురించి, బోరు మోటారు ఆపడానికి అర్ధరాత్రి చేనుకు పోయే నాన్న గురించి రాస్తారు. వాటిలో ఐదు ఏరడం నీకు కష్టమవుతుంది. ఎంపిక కాకపోయినా ఆ చీటీలు పారెయ్యకు, సైన్స్ పాఠాలకు ఏడాదంతా పనికొస్తాయి.

రెండోది ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతి వాళ్లు రాసే పరీక్ష, సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 చొప్పున వస్తాయి, నాలుగేళ్లకు 48,000. కూలి చేసే ఇంట్లో ఆడపిల్ల చదువు ఆగకుండా ఉండటానికి అది చాలా పెద్ద మొత్తం. తలిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఐదు శాతం సడలింపు ఉంది. పరీక్షలో మానసిక సామర్థ్యం 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు. ఈ మానసిక సామర్థ్యం అనేది పుస్తకాల్లో లేదు, అక్కడే మన పిల్లలు దెబ్బతింటారు. సంఖ్యల వరస, అక్షరాల సంకేతం, అద్దంలో బొమ్మ, ఇవి రోజుకు పది చొప్పున నల్లబల్ల మీద రాసి వదిలెయ్. జులైలో మొదలుపెడితే ఏ స్టడీ మెటీరియలూ కొనక్కర్లేదు. తెలివైన నలుగురినే కూర్చోబెట్టి తర్ఫీదు ఇవ్వడం కూడా వద్దు. అర్హత ఉన్న ప్రతి ఒక్కరి చేతా రాయించు.

ఇందులో ఒక మెలిక ఉంది, నీలాంటి బడికి మరీ ముఖ్యం. స్కాలర్‌షిప్ ఏటా రెన్యువల్ చెయ్యాలి. ఎనిమిది కాగానే నీ పిల్లలు వేరే ఊరి హైస్కూలుకు పోతారు. అక్కడి వాళ్లకు వీడు ఎంపికయ్యాడన్న సంగతే తెలియదు, వాడికి రెన్యువల్ అనేది ఒకటుందని తెలియదు. డబ్బు ఆగిపోయిన పిల్లలను నేను చూశాను. అందుకని టీసీ ఇచ్చేటప్పుడే ఆ పిల్లల జాబితా పై బడి హెడ్మాస్టర్‌కు నీ చేత్తో ఇచ్చి రా.

మూడోది సెప్టెంబర్ 5, స్వపరిపాలన దినం. మనవాళ్లు ఎలా చేస్తారో నీకు చెప్పాలా? అమ్మల చీరలు కట్టుకుని ఎనిమిదో తరగతి అమ్మాయిలు టీచర్లవుతారు, ఒకడు కలెక్టర్, ఒకడు డీఈఓ, ఫొటోలు, చాక్లెట్లు, మధ్యాహ్నానికి అయిపోతుంది. చీరలు కట్టుకోనీ, ఆ సరదా ఎందుకు కాదనాలి! కానీ వారం ముందే పాఠం పంచు. ఎనిమిదో తరగతి వాళ్లు రెండు, మూడు తరగతులకు చెప్పాలి. ముందు రోజు నీ దగ్గర చెప్పి చూపించాలి. కలెక్టర్ వేషం ఈసారి ఎత్తెయ్, బడి నడపడానికి ఆయన అక్కర్లేదు. దాని బదులు ఇద్దరిని వంటగదికి పంపు. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లవాడికి వంద గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిదికి నూటయాభై. ఆ రోజు హాజరు ఎంత, బియ్యం ఎన్ని కిలోలు, పప్పు ఎంత, వాళ్లే లెక్క కట్టి తూకం వేసి వంటమ్మకు ఇవ్వాలి. లెక్కల పీరియడ్‌లో ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడికి ఆ తక్కెడ ఇవ్వు. ఇంట్లో కిరాణా కొట్టు ఉన్నవాడైతే నీకంటే ముందే చెప్పేస్తాడు.

సెప్టెంబర్ 9, జనం మాట్లాడే భాషలోనే రాయాలన్న కవి కాళోజీ పుట్టినరోజుకు వ్యాసరచన పోటీ పెట్టి పటానికి దండ వెయ్యడంతో సరిపెట్టకు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక కథో, సామెతో విని, వాళ్ల మాటల్లోనే రాసుకు రమ్మను. ఎర్ర సిరాతో దిద్దకు.

ఆటల గురించి. ఎస్‌జీఎఫ్ పద్నాలుగేళ్ల లోపు విభాగంలో మండల స్థాయి పోటీలు ఉంటాయి. మీ బడిలో పీఈటీ లేరన్నావు. పక్క హైస్కూలు పీఈటీని వారానికో సాయంత్రం పంపమని అడుగు. ఖోఖోకు రెండు కొయ్యలు, కొంచెం నేల చాలు. ఆడపిల్లల జట్టును తప్పక పంపు, వెంట ఒక టీచరమ్మ ఉండేలా చూసుకో, తల్లుల అనుమతి కాగితం మీద రాయించుకో.

దసరా సెలవులకు ముందు బతుకమ్మ వస్తుంది. డీజే బాక్సు మాత్రం గేటు దాటి లోపలికి రానివ్వకు. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలు పిల్లలే తెచ్చుకుంటారు, పాటలు తల్లులకే వచ్చు. ఆ రోజునే తల్లిదండ్రుల సమావేశం పెట్టుకో, మామూలు సమావేశానికి రాని తల్లులు కూడా వస్తారు. మార్కులు అందరి ముందూ చదవొద్దు. తక్కువ వచ్చిన పిల్లవాడి తల్లి ఆ తరవాత బడి గడప తొక్కదు. ఒక్కో పిల్లవాడు తన తల్లి పక్కన కూర్చుని పుస్తకంలో ఒక పేజీ చదివి వినిపించాలి. చదువు రాని తల్లికి కూడా తన కొడుకు తడబడుతున్నాడో లేదో తెలుస్తుంది. ఆ తరవాత నువ్వు చెప్పాల్సింది పెద్దగా మిగలదు.

ఫొటోల గురించి రోజూ గ్రూపులో వచ్చే ఒత్తిడి నాకు తెలుసు. వారానికో టీచర్‌కు వంతు వెయ్యి, పని అయ్యాక ఒకే ఫొటో. మొక్క చేతిలో పట్టుకుని కెమెరా కోసం పదిమంది పెద్దలు వంగిన ఫొటోలు మన శాఖ దగ్గర ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

సెలవులకు మీ అమ్మ దగ్గరకు వస్తావుగా, వచ్చేటప్పుడు ఆ అట్టపెట్టెలో చీటీలన్నీ తీసుకురా, కూర్చుని చదువుదాం. ఈలోపు పేర్లు, ఆధార్, పాస్‌బుక్ పని జులై 15 లోపు ముగించి నాకు ఫోన్ చెయ్.

ఆశీస్సులతో,
నీ మామయ్య