జమ ఎవరి ఖాతాలో?

'రియల్ టైమ్' అనే మాట మన ఇళ్లలో అందరికీ ఆర్‌టీజీఎస్ వల్లే పరిచయం. చెల్లింపులను పోగుచేసి తర్వాత తేల్చకుండా, ఒక్కొక్కటిగా అప్పటికప్పుడు తేల్చడం అక్కడ దాని అర్థం. కంప్యూటర్ల లోపల పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ల విషయంలో ఈ మాటకు అర్థం కొంచెం వేరు. అక్కడ వేగం కంటే గడువు ముఖ్యం. ఫ్యాక్టరీలో రోబో చెయ్యి ఆగమన్నప్పుడు వెయ్యిసార్లు సరిగ్గా ఆగి, ఆ తర్వాతి సారి రెప్పపాటు ఆలస్యంగా ఆగితే పక్కనున్న మనిషి వేలు పోవచ్చు. జవాబు సరైనదే, కానీ ఆలస్యంగా వచ్చింది కాబట్టి తప్పు కిందే లెక్క. క్లియరింగ్ గడువు దాటాక కౌంటరుకు వచ్చిన చెక్కులో తప్పేమీ ఉండదు, అయినా ఆ రోజుకి పనికిరాదు కదా, అలాగన్నమాట.

ఇలా గడువుకు హామీ ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్‌లలో బాగా వాడుకలో ఉన్నవి కొన్ని ఓపెన్ సోర్స్‌వి. ఎవరైనా చదవవచ్చు, వాడుకోవచ్చు, మెరుగుపరచి తిరిగి పంపవచ్చు. వాటికి జీతం లేకుండా రాసేవాళ్లున్నారు, కంపెనీ జీతం మీద రాసేవాళ్లున్నారు, తాము ఒక్క వరుసా రాయకుండా డబ్బు మాత్రం ఇచ్చే సంస్థలున్నాయి. మరి పని అయ్యాక జమ ఎవరి ఖాతాలో వేయాలి? ఎంబీఏలో ప్రోత్సాహకాల మీద చాలా అధ్యాయాలు చదివాను. ఈ ప్రోగ్రామర్లు దెబ్బలు తిని కుదుర్చుకున్న పద్ధతులు నాకు వాటికంటే ఎక్కువ నేర్పాయి.

లినక్స్‌ను రియల్ టైమ్ సిస్టమ్‌గా మార్చిన 'ప్రీయెంప్ట్ ఆర్‌టీ' కథనే తీసుకుందాం. 2004లో ఇంగో మోల్నార్ మొదలుపెట్టిన ఈ పనిని థామస్ గ్లైక్స్‌నర్, స్టీవెన్ రాస్టెడ్ట్ మొదలైనవారు ఏళ్ల తరబడి మోశారు. అసలు లినక్స్‌లో కలవకుండా, పక్కన అతుకుల కట్టగా ఉండేది అది. అసలు కోడ్ మారిన ప్రతిసారీ అతుకులన్నీ మళ్లీ సరిచేసుకోవాలి. 2005లో జర్మనీలో ఓసాడల్ అనే సంఘం ఏర్పడింది. పరిశ్రమల కంపెనీలు దానికి సభ్యత్వ రుసుము కట్టేవి, ఆ డబ్బులో కొంత ఈ పనికి వెళ్లేది. అయితే వాడుకునేవాళ్లు చాలామంది, కట్టేవాళ్లు కొద్దిమంది. 2014లో గ్లైక్స్‌నర్ ఉన్న మాట బహిరంగంగా చెప్పేశారు: డబ్బు లేదు, ఇకపై ఇది తీరిక వేళల్లో చేసే పని మాత్రమే.

ఈ మాట వెనక ఉన్న ప్రమాదాన్ని మనవాళ్లు ఇట్టే పట్టుకోగలరు. ఫ్యాక్టరీ యంత్రాలు, పరీక్షా పరికరాలు ఆధారపడిన ఒక సాఫ్ట్‌వేర్ కొద్దిమంది సెలవు దినాల మీద నిలబడింది. 2015 అక్టోబరులో లినక్స్ ఫౌండేషన్ దీనికోసం ఒక ఉమ్మడి ప్రాజెక్టు ప్రకటించింది. గూగుల్, ఇంటెల్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి సంస్థలు ముందుకొచ్చాయి. పని మళ్లీ కదిలింది. చివరికి 2024 సెప్టెంబరులో వియన్నాలో ఆఖరి విడత మార్పుల అభ్యర్థనను కాగితం మీద ముద్రించి, బంగారు రంగు కాగితం చుట్టి లినస్ టోర్వాల్డ్స్ చేతికిచ్చారు. నవంబరులో వచ్చిన 6.12 వెర్షన్‌తో ప్రీయెంప్ట్ ఆర్‌టీ అసలు లినక్స్‌లో భాగమైంది. మొత్తం ఇరవై ఏళ్లు. ఈ మధ్యలో ఆ పనిలోంచి పుట్టిన సూక్ష్మ టైమర్లు, ఎఫ్‌ట్రేస్ వంటివి ముందే లినక్స్‌లోకి చేరిపోయాయి. ఆండ్రాయిడ్ లోపల ఉన్నదీ లినక్సే కాబట్టి, మనింట్లో ఫోన్లకు కూడా ఆ పని అందినట్టే.

డబ్బిచ్చినవాళ్లు లేకపోతే ఇది అయ్యేది కాదు. అంతమాత్రాన అది వాళ్లు చేసిన పనీ కాదు. అందుకే ఇక్కడ రెండు లెడ్జర్లు ఉండాలంటాను నేను, ఒకటి శ్రమకు, ఒకటి సొమ్ముకు.

శ్రమ లెడ్జర్‌ను లినక్స్ వాళ్లు ఎలా రాస్తారో చూస్తే బ్యాంకువాళ్లకు సొంత ఊరికి వచ్చినట్టుంటుంది. ప్రతి మార్పుకూ ఒక వోచర్ లాంటిది ఉంటుంది. అందులో రచయిత పేరు, తేదీ, ఎందుకు చేశారన్న వివరణ ఉంటాయి. కింద వరసగా సంతకాలు. 'సైన్డ్-ఆఫ్-బై' అంటే ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, దీనికి నేను పూచీ అని. 2003లో ఎస్‌సీఓ కంపెనీ, తన కోడ్‌ను లినక్స్‌లో పెట్టారంటూ ఐబీఎం మీద దావా వేశాక, మరుసటి ఏడాది ఈ పద్ధతి తెచ్చారు. అంటే ఇది పొగడ్త కోసం పుట్టిన సంతకం కాదు, బాధ్యత కోసం పుట్టింది. పొగడ్త ఆ తర్వాత దానికి తోడైంది. 'రివ్యూడ్-బై' అంటే చదివి సరిచూశాను. 'టెస్టెడ్-బై' అంటే నా యంత్రం మీద నడిపి చూశాను. 'రిపోర్టెడ్-బై' లోపం చూపించినవారికి, 'సజెస్టెడ్-బై' ఆలోచన ఇచ్చినవారికి. ఇద్దరు కలిసి రాస్తే 'కో-డెవలప్డ్-బై'. దాని కిందే ఆ రెండో వ్యక్తి సైన్డ్-ఆఫ్-బై కూడా ఉండి తీరాలి. మన మేకర్-చెకర్ పద్ధతికి ఇంకో నాలుగు గళ్లు కలిపారన్నమాట. నేను చూశాను అని ఒకరు చెప్పకుండా వారి పేరు రివ్యూడ్-బై కింద రాయకూడదు. అది ఇంకొకరి ఇనీషియల్ మనం గీసినట్టే.

ఇన్ని గళ్లు ఎందుకు? స్వచ్ఛందంగా చేసేవారికి పేరే జీతం. అది సరైన గడిలో పడకపోతే వారికి ఇంకేమీ మిగలదు. లినక్స్‌లోనే జరిగిన సంగతి ఒకటుంది. ఒక కొత్త ప్రోగ్రామర్ పవర్‌పీసీ భాగంలో లోపం కనిపెట్టి, సవరణ కూడా రాసి పంపాడు. ఆ భాగం చూసే పెద్దాయన సవరణను తన పద్ధతిలో తిరగరాసుకుని, కొత్తవాడికి రిపోర్టెడ్-బై మాత్రం ఇచ్చారు. 2023లో ఆ కుర్రవాడు తన మొదటి కానుక దోచుకుపోయారని బహిరంగంగా రాస్తే పెద్ద చర్చే జరిగింది. నియమం ప్రకారం చూస్తే పెద్దాయన తప్పేమీ రాయలేదు, చివరికి చేరిన కోడ్ ఆయనదే. నా లెక్కలో మాత్రం అది సరిపోదు. పంపినదాన్ని సరిదిద్దమని వెనక్కి ఇచ్చి, రెండు రోజులు ఆగి ఉంటే ఒక మనిషి మిగిలేవాడు. కొత్త క్లర్కు వోచర్ తప్పు రాస్తే మనమే రాసిపారేయడం తేలిక, వెనక్కిచ్చి రాయించడం నేర్పడం.

ఇక సొమ్ము లెడ్జర్. ఇక్కడ ఒక్కొక్కరిది ఒక్కో దారి. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో మార్పు వివరణలోనే 'స్పాన్సర్డ్ బై' అనే గడి ఉంది. రాసిన మనిషి పేరు రచయిత చోట, డబ్బు పెట్టిన సంస్థ పేరు ఆ గడిలో. ఎంతో శుభ్రంగా ఉంటుంది. లినక్స్‌లో అలాంటి గడి లేదు. కంపెనీ పేరు రచయిత ఈమెయిల్ చిరునామాలో కనిపిస్తుంది, లేదా రాస్టెడ్ట్ చేసినట్టు సొంత చిరునామా వాడుకుంటూ పేరు పక్కన 'గూగుల్' అని బ్రాకెట్లో పెట్టుకుంటారు. చిరునామాను నమ్మితే పప్పులో కాలేసినట్టే ఒక్కోసారి. గ్లైక్స్‌నర్ సంస్థ లినుట్రోనిక్స్‌ను 2022లో ఇంటెల్ కొనేసింది. ఆ తర్వాత కూడా ఆయన మార్పుల మీద చిరునామా మాత్రం లినుట్రోనిక్స్‌దే ఉండేది. అందుకే ఏ కంపెనీ ఎంత చేసిందో లెక్కలు తీసేవాళ్లు, ఎవరు ఏ తేదీ నుంచి ఎక్కడ పనిచేస్తున్నారో ఒక పట్టిక వేరే పెట్టుకుంటారు. మన బదిలీల రిజిస్టరు లాంటిది.

స్పాన్సర్ పేరు చెప్పడాన్ని కొందరు వ్యాపారమని చిన్నచూపు చూస్తారు. నేనలా చూడను. ఏ కంపెనీలోనైనా ఏటా బడ్జెట్ వేళ ఎవరో ఒకరు అడుగుతారు, ఈ ఖర్చు వల్ల మనకేం వచ్చిందని. చూపించడానికి కాగితం లేని పద్దుకే ముందు కోత పడుతుంది. పేరు కనిపిస్తేనే వచ్చే ఏడు డబ్బు వస్తుంది. కాకపోతే గుళ్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాయించినట్టు ఉండకూడదు, వెలుతురు సగం ఆ అక్షరాలే మింగేస్తాయి. పాలంపేట గుడిని కట్టించినవాడు రేచర్ల రుద్రుడని 1213 నాటి శాసనం చెబుతోంది. జనం మాత్రం దాన్ని రామప్ప గుడి అంటారు, రామప్ప శిల్పి అని చెప్పుకుంటారు. దాత శాసనంలోనూ శిల్పి జనం నోట్లోనూ ఉన్న ఆ ఏర్పాటు నాకు న్యాయంగానే తోస్తుంది.

ప్రాజెక్టు చేతులు మారినప్పుడు ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. ఫ్రీఆర్‌టీఓఎస్‌ను 2003 ప్రాంతంలో రిచర్డ్ బ్యారీ మొదలుపెట్టారు. 2017లో అమెజాన్ దాని బాధ్యత తీసుకుంది, ఇప్పుడు ఫైళ్ల తలమీద అమెజాన్ కాపీరైటే ఉంటుంది. గ్రెగరీ నట్ 2007లో విడుదల చేసిన నట్‌ఎక్స్ 2019లో అపాచీ ఫౌండేషన్ గూటికి చేరి, 2022లో దాని పూర్తిస్థాయి ప్రాజెక్టు అయింది. అపాచీ పద్ధతిలో ఫైలు తలమీద వ్యక్తుల పేర్లు ఉంచరు. యజమాని ఒప్పుకుంటే ఆ కాపీరైటు వరుసలను 'నోటీస్' అనే ఒకే ఫైలులోకి చేరుస్తారు. ఫైలు ఉమ్మడి ఆస్తి, ఒకరి పేరుంటే మిగతావాళ్లు చెయ్యి పెట్టడానికి జంకుతారని వాళ్ల వాదన. అందులో నిజముంది. కాపీరైటు యాజమాన్యం సంగతి, రచయిత పేరు చరిత్ర సంగతి. ఆస్తి పత్రం మారినంత మాత్రాన ఇల్లు కట్టిన మేస్త్రీ మారడు. అయితే మార్పుల చరిత్రను కూడా చెరపకుండా కాపాడినప్పుడే ఈ వాదన నిలుస్తుంది.

పేరు జీతమైతే దొంగ హాజరీలూ ఉంటాయి. డిజిటల్ ఓషన్ ఏటా అక్టోబరులో నడిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు సవరణలు పంపినవారికి టీషర్టు ఇచ్చేవారు. 2020లో ఒక మాట చేర్చి ఒక మాట తీసేసే పనికిమాలిన సవరణలు వరదలా వచ్చిపడ్డాయి. వాటిని చదివి తిరస్కరించడం ఎవరి పని? జీతం లేని నిర్వాహకుల పని. ఆ వరదలో మన దేశపు విద్యార్థులవీ ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి తీసుకున్నారు. శాఖలకు ఖాతాల సంఖ్య మీద టార్గెట్ పెడితే ఏ రకం ఖాతాలు తెరుచుకుంటాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

డేనియల్ బ్రిస్టో డి ఒలివేరా అనే బ్రెజిల్ ఇంజినీరు రెడ్ హ్యాట్‌లో పనిచేస్తూ, రియల్ టైమ్ లినక్స్ మీద ఏళ్లపాటు కృషి చేశారు. రియల్ టైమ్ పనులు ప్రాసెసర్‌ను పూర్తిగా ఆక్రమించి మామూలు పనుల నోరు కొట్టకుండా చూసే 'డెడ్‌లైన్ సర్వర్' ఏర్పాటు ఆయన చివరగా పంపిన వాటిలో ఒకటి. 2024 జూన్‌లో ఆయన చనిపోయారు. మిగిలిన సరిచూపు మిత్రులు చేశారు. ఆ మార్పులు ప్రీయెంప్ట్ ఆర్‌టీ చేరిన 6.12లోనే చేరాయి. రచయిత గడిలో ఆయన పేరే ఉంది. సరిచూసినవాళ్లు తమ సంతకాలు దాని కింద పెట్టారు.

ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్లచేత ఒకసారి లినక్స్ మార్పుల చరిత్ర తెరిపించి చూడండి. ఖర్చేమీ లేదు, ఇంటర్నెట్ ఉంటే చాలు. మొదటి సవరణగా మాటలు మార్చే పని కాకుండా, తమ దగ్గరున్న బోర్డు మీద ఎవరిదైనా ప్యాచ్ నడిపి, ఫలితం రాసి పంపమనండి. టెస్టెడ్-బై గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది.