డిమెన్షియా నివారణ పరిశోధనలు: డబ్బిస్తే అన్ని వర్గాలవారూ వస్తారా?

డిమెన్షియాను ముందే అడ్డుకునే మందును పరీక్షించాలంటే, జబ్బు లక్షణాలు ఇంకా కనిపించని వారిని ఏళ్ల తరబడి గమనించాలి. అమెరికా కేంద్రంగా జరిగిన ‘ఎ4’ అధ్యయనం ఇందుకు ఒక ఉదాహరణ. మెదడులో అమిలాయిడ్ ప్రోటీన్ పేరుకున్నా జ్ఞాపకశక్తి బాగానే ఉన్న 65–85 ఏళ్ల వారిని ఇందులో చేర్చుకున్నారు. నాలుగు వారాలకోసారి, 240 వారాల పాటు నరం ద్వారా మందు గానీ, డమ్మీ మందు గానీ ఎక్కించారు. అంటే ఒక్కొక్కరూ సుమారు 60 సార్లు పరిశోధన కేంద్రానికి రావాలి. స్కానింగులు, జ్ఞాపకశక్తి పరీక్షలు వీటికి అదనం. తమ గురించి బాగా తెలిసిన బంధువునో, స్నేహితుడినో ‘అధ్యయన భాగస్వామి’గా కూడా తెచ్చుకోవాలి.

సోలానెజుమాబ్ అనే ఆ మందు ఫలితం ఇవ్వలేదని 2023లో తేలింది. ఆ అధ్యయనంలో పాల్గొన్న 1,169 మందిలో 90 శాతానికి పైగా శ్వేతజాతీయులే. అమెరికా వృద్ధుల్లో నల్లజాతీయులకు డిమెన్షియా ముప్పు శ్వేతజాతీయుల కంటే దాదాపు రెండు రెట్లు, హిస్పానిక్ వర్గాలవారికి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుందని అల్జీమర్స్ అసోసియేషన్ చెబుతోంది. అంటే ముప్పు ఎక్కువగా ఉన్నవారే పరిశోధనల్లో తక్కువగా కనిపిస్తున్నారు.

వైవిధ్యం ఎందుకు?

ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్నే కాదు, విజ్ఞానశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న కూడా. అల్జీమర్స్ ముప్పును పెంచే ‘అపోఇ4’ జన్యు రూపాన్నే తీసుకుందాం. దాని ప్రభావం ఐరోపా మూలాలున్న వారి కంటే ఆఫ్రికా మూలాలున్న వారిలో తక్కువని అధ్యయనాలు చూపాయి. చదువు, రక్తపోటు, మధుమేహం వంటి అంశాలూ సమాజాన్ని బట్టి మారతాయి. ఒకే వర్గంలో వచ్చిన ఫలితాన్ని అందరికీ వర్తింపజేయలేం.

డబ్బు పనిచేస్తుందా?

వెంటనే తట్టే పరిష్కారం, వచ్చేవారికి డబ్బివ్వడం. దీనిపై రెండు భయాలున్నాయి. ఒకటి, డబ్బు ఆశతో జనం ప్రమాదాన్ని పట్టించుకోకపోవచ్చు. రెండు, పేదవారే ఎక్కువగా వచ్చి పరిశోధన భారమంతా వారిపైనే పడవచ్చు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ భయాలను నేరుగా పరీక్షించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. అవి డిమెన్షియా అధ్యయనాలు కావు గానీ, పాఠం ఇక్కడా వర్తిస్తుంది. పొగతాగడం మాన్పించే ఒక ప్రయోగంలో చేరమని కొందరిని ఏమీ ఇవ్వకుండా, కొందరిని 200 డాలర్లు, మరికొందరిని 500 డాలర్లు ఇస్తామని అడిగారు. వరుసగా 22, 36, 47 శాతం మంది ఒప్పుకున్నారు. ఆసుపత్రి రోగులను నడిపించే మరో ప్రయోగంలో 100, 300 డాలర్లు ఇస్తామన్నా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డబ్బు వల్ల ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేశారనడానికి గానీ, పేదలే ఎక్కువగా ఆకర్షితులయ్యారనడానికి గానీ రెండింటిలోనూ ఆధారం దొరకలేదు.

ఈ ఫలితంలో మరో కోణం ఉంది. డబ్బు అన్ని వర్గాలవారినీ ఒకేలా ఆకర్షిస్తే మొత్తం సంఖ్య పెరుగుతుంది, వర్గాల నిష్పత్తి మాత్రం అలాగే ఉంటుంది. నిష్పత్తి మారాలంటే కొందరికి మాత్రమే అడ్డుగా ఉన్నవాటిని తొలగించాలి. పింఛను వచ్చే, కారున్న వ్యక్తికి 60 సార్లు రావడం శ్రమ మాత్రమే. గంటల లెక్కన కూలి తీసుకునేవారికి అది 60 రోజుల ఆదాయం. తోడు వచ్చేవారి కూలీ పోతుంది. అందుకే ప్రయాణ ఖర్చు, కోల్పోయిన కూలి, తోడు వచ్చేవారి ఖర్చు చెల్లించడం ప్రలోభం కాదు, పాల్గొన్నందుకు జేబులోంచి పోయేదాన్ని తిరిగివ్వడం.

డబ్బుతో కొనలేనిది

1932 నుంచి 1972 వరకు అమెరికాలోని టస్కిగీలో జరిగిన సిఫిలిస్ అధ్యయనంలో నల్లజాతి పురుషులకు ఉచిత భోజనం, వైద్య పరీక్షలు, అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. జబ్బు సంగతి దాచిపెట్టి, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా చికిత్స ఇవ్వలేదు. అలాంటి చరిత్ర ఉన్నచోట, కారణం చెప్పకుండా ఎక్కువ డబ్బు ఇస్తామంటే అనుమానమే పెరుగుతుంది. వారి వీధికి వెళ్లి, వారి భాషలో మాట్లాడి, ఫలితాలను తిరిగి వారికే చెప్పే బృందం కావాలి. ఇది అసాధ్యమేమీ కాదు. జీవనశైలి మార్పులను పరీక్షించి 2025లో ఫలితాలు వెల్లడించిన ‘యూఎస్ పాయింటర్’ అధ్యయనంలోని 2,111 మందిలో సుమారు 31 శాతం మైనారిటీ వర్గాలవారే.

మన దేశంలో

భారత్‌లో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని 2023లో ఒక అంచనా వెలువడింది. మహిళల్లో, గ్రామాల్లో ఇది ఎక్కువ. బెంగళూరులోని మెదడు పరిశోధన కేంద్రం, తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉండే కోలార్ జిల్లాలోని శ్రీనివాసపురలో, 45 ఏళ్లు పైబడిన 10,000 మంది గ్రామీణులను దీర్ఘకాలం గమనించేందుకు అధ్యయనం చేపట్టింది.

పాల్గొనేవారికి ప్రయాణ ఖర్చు, పోయిన కూలి ఇవ్వవచ్చని, అయితే ఆ మొత్తం ప్రలోభంగా మారకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నైతిక కమిటీ ఆమోదం తప్పనిసరి. ఇలాంటి అధ్యయనంలో చేరమని ఎవరైనా అడిగితే కుటుంబసభ్యులు నాలుగు ప్రశ్నలు వేయాలి. ఎన్నిసార్లు రావాలి? తోడు వచ్చేవారి ఖర్చు ఎవరిది? మధ్యలో మానేస్తే అప్పటివరకు రావలసిన డబ్బు ఇస్తారా? హాని జరిగితే చికిత్స ఎవరు చేయిస్తారు? వీటికి స్పష్టమైన జవాబు రాకపోతే, ఎంత డబ్బు ఇస్తామన్నా తొందరపడకూడదు.