పటమెక్కిన కాయకం

కాయకమనగా పొట్టకూటికి చేసే పని మాత్రమే కాదు. సత్యంగా శ్రమించి, వచ్చిన ఫలితాన్ని దాసోహంలో వినియోగించుట కాయకం. 12వ శతాబ్దిలో బట్టలుతికే మడివాలు మాచయ్య, పడవ నడిపే అంబిగర చౌడయ్య, తాళ్లు పేనే నులియ చందయ్య తమ పనులు విడువకయే శరణులై పూజ్యులైనారు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు మాచయ్య కథను బసవపురాణంలో ద్విపదలుగా తెలుగువారికి అందించాడు.

సోమనాథుడు మాటతో శ్రామికుని కథానాయకుని చేయగా, జనగామకు సమీపంలోనే గల చేర్యాలలో నకాషీ చిత్రకారులు కుంచెతో ఆ పని చేశారు. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పలుమార్లు పూసి ఆరబెడతారు. ఎర్రని నేలపై కథను వరుసలుగా చిత్రిస్తారు. సుమారు మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులకు మించిన పొడవు గల పటాలున్నాయి. పటాన్ని క్రమంగా విప్పుతూ కథకులు రాత్రుల తరబడి గానం చేసేవారు.

ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క పురాణం, దానిని చెప్పే ప్రత్యేక గాయకులు ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, గౌడులకు గౌడజెట్టీలు గౌడ పురాణాన్ని, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణాన్ని వినిపిస్తారు. పద్మశాలీల కథలో భావనారుషి తామరతూళ్ల నూలుతో దేవతలకు వస్త్రం నేస్తాడు. అక్కడ నేతపని దేవకార్యమే. ఊరి సభలో వెనుక నిలువవలసిన వానికి ఆ రాత్రి తన వృత్తి తన వాకిటనే పూజ్యమై కనబడేది.

అయితే ఈ గౌరవానికొక హద్దున్నది. నేతవాని కథ నేతవారి వాకిట, గౌడుల కథ గౌడుల వాకిట జరిగేది. ఎవరి వృత్తి వారికే గొప్పగా తోచినంత మాత్రాన ఇరుగుపొరుగు చూపు మారదు. మెక్సికోలో విప్లవానంతరం దియెగో రివేరా 1923 నుండి 1928 వరకు విద్యామంత్రిత్వశాఖ భవనపు గోడలపై నేతవారిని, అద్దకందారులను, గని కార్మికులను అందరూ చూచునట్లు చిత్రించాడు. శరణులు అంతకు ఎన్నో శతాబ్దాల పూర్వమే మరొక అడుగు వేశారు. ఒకరి కాయకాన్ని మరొకరు గౌరవించి, ఒకే పంక్తిలో కూర్చుండవలెనన్నారు.

నేడు దీర్ఘపటాలకు ఆదరణ తగ్గి, చేర్యాల చిత్రం చిన్నదై పట్టణపు ఇండ్ల గోడలకెక్కినది. నాగలి, మగ్గం, తాటిచెట్టు ఇప్పుడు అన్ని కులాలవారి కంటా పడుతున్నవి. ఇది మేలే. కాని గోడమీది చాకలిని మెచ్చుకొని, గుమ్మంలో నిలిచిన చాకలిని కూర్చుండుమనని ఇంట ఆ చిత్రం వట్టి అలంకారం. బొమ్మకిచ్చిన ఆదరమే మనిషికీ ఇచ్చిననాడు పటం చెప్పిన పాఠం పూర్తియగును.