ముందు ఆ బిడ్డను అడుగు

జగిత్యాల



ఇంద్రవెల్లి బడిలో ఈసారి పదో తరగతికి నువ్వే క్లాస్ టీచరువని మీ అమ్మ ఫోనులో చెప్పింది. 2024 డీఎస్సీలో ఉద్యోగం వచ్చినప్పటి నుంచి లెక్కలు ఎట్లా చెప్పాలని నన్ను ఎన్నోసార్లు అడిగావు. నువ్వు అడగని సంగతి ఒకటి ఇవాళ నేనే రాస్తున్నాను. పరీక్షలు నడిచే రోజుల్లో నీ పిల్లల్లో ఒకరి ఇంట్లో చావు జరిగితే ఏం చేయాలన్నది.

ప్రతి మార్చిలో పేపర్ల జిల్లా పేజీల్లో ఒక వార్త చూస్తుంటాం. తండ్రి శవం వాకిట్లో ఉండగానే బిడ్డ హాల్ టికెట్ పట్టుకొని పరీక్షకు వచ్చిందని. ఆ పిల్ల తిరిగి వచ్చేదాకా ఊరు ఊరంతా పాడె ఎత్తకుండా ఆగుతుంది. మన జిల్లాల్లో దీనికి గల్ఫ్ రూపం కూడా ఉంది. దుబాయిలోనో సౌదీలోనో తండ్రి పోయాడని వాట్సాప్‌లో తెలుస్తుంది. కాగితాలు తేలి పెట్టె శంషాబాద్‌లో దిగేసరికి వారాలు గడిచిపోవచ్చు. లెక్కల పేపరు నాటికి తండ్రి లేడు, ఆఖరి చూపూ లేదు.

పేపర్లు ఆ పిల్లలను గుండెదిటవు గలవాళ్లని మెచ్చుకుంటాయి. నాకు ఆ మెచ్చుకోలు నచ్చదు. దిటవుతో వచ్చిందా, రాకపోతే ఏడాది పోతుందన్న భయంతో వచ్చిందా అని ఆ బిడ్డను ఎవరూ అడగరు. నువ్వు అడుగు. చుట్టాల ముందు కాదు, పక్కకు తీసుకుపోయి ఒంటరిగా అడుగు. రాస్తానంటే తోడు ఏర్పాటు చేయి, రాయలేనంటే ఒప్పుకో.

ఒప్పుకోవాలంటే ముందు నీకు నిజం తెలిసి ఉండాలి. ఒక పేపరు పోతే ఆ ఒక్క పేపరే మళ్లీ రాయాలి. 2025లో ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి, సప్లిమెంటరీ జూన్ 3న మొదలైంది. ఇంటర్‌లో అదే ఏడాది చేరవచ్చు. ఇదంతా చెప్పు. అయితే దానివల్ల నష్టమేమీ లేదని మాత్రం చెప్పకు, అది అబద్ధం. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు కావాలంటే పదో తరగతి మొదటి ప్రయత్నంలోనే పాస్ కావాలి. తల్లి చచ్చిన నాడు ఒక పేపరు రాయలేకపోయిన బిడ్డకు ఆ తలుపు మూసుకుపోతుంది. ఏడాదంతా క్లాసులో ముందున్న పిల్ల విషయంలో ఇది చిన్న నష్టం కాదు.

ఇంతకన్నా కష్టమైన మాట ఒకటుంది. ఇంటివాళ్లు నీకు ఫోను చేసి, “మేడమ్, పరీక్ష అయ్యేదాకా పిల్లకు చెప్పకండి” అంటారు. హాస్టల్లో, ఆశ్రమ పాఠశాలలో ఉన్న పిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. వాళ్లది ప్రేమే. కానీ ఆ పిల్ల నవ్వుతూ జవాబు పత్రం నింపి బయటికి వచ్చాక, అందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియదని తేలితే ఇగ ఎవరి మాట నమ్ముతుంది? చెప్పాల్సింది ఇంటివాళ్లే, నువ్వు కాదు. అయితే ఒక మనిషిని పంపి చెప్పించమని పట్టుబట్టు. “మా బాపు ఎట్లున్నడు మేడమ్?” అని ఆ పిల్ల నిన్నే అడిగితే బాగున్నాడని మాత్రం అనకు. పక్కన కూర్చో, ఇంటికి ఫోను కలిపి ఇవ్వు.

2025 టైం టేబుల్ చూడు. మార్చి 21న తెలుగు, ఏప్రిల్ 2న సోషల్. మొదటి నాడు చావు జరిగితే మూడొద్దుల నుంచి పెద్దకర్మ దాకా అన్నీ ఆ పేపర్ల నడుమనే. కొరివి పెట్టిన పిల్లవాడు గుండుతో హాలుకు వస్తాడు. వాడు రాకముందే మిగతా పిల్లలకు చెప్పి ఉంచు, వింతగా చూడొద్దని. చావింట్లో హాల్ టికెట్ ఎక్కడో పడిపోతుంది. బోర్డు వెబ్‌సైట్ నుంచి ఇంకో కాపీ తీసి నీ దగ్గర పెట్టుకో. హెడ్మాస్టరుతో మాట్లాడి సెంటరు చీఫ్ సూపరింటెండెంటుకు పొద్దున్నే కబురు పంపించు. గేటు దగ్గర కెమెరాలను ఆపు. ఏమైనా తినిపించు. తర్వాతి వారాల్లో ఆ పిల్ల మాట్లాడకుండా ముడుచుకుపోతే టెలీ మానస్ 14416 ఉంది.

ఇవన్నీ నీ చేతిలో ఉన్నవి. నాకు అసలు బాధ చేతిలో లేనిదాని గురించే. చూపు లేని పిల్లకు, చేయి సరిగా ఆడని పిల్లవాడికి అదనపు సమయం, స్క్రైబు ఉన్నాయి. చాలా పోరాటం మీద వచ్చాయి, రావాల్సినవే. దుఃఖానికి మాత్రం మన దగ్గర నిబంధన లేదు. బ్రిటన్‌లో ఉంది. పరీక్ష సమయంలో తల్లో తండ్రో పోతే బడే బోర్డుకు దరఖాస్తు పెడుతుంది, ఆ పేపరు మొత్తం మార్కుల్లో 5 శాతం దాకా కలుపుతారు. మనకు చేతకాదనడానికి వీల్లేదు. పదో తరగతికి మార్కులకు బదులు గ్రేడ్లు ఇచ్చిన కాలంలో బాసర ట్రిపుల్ ఐటీ వాళ్లే సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింట్లు కలిపేవాళ్లు. 2020లో మూడు పేపర్ల తర్వాత కరోనాతో పరీక్షలు ఆగిపోతే 5,34,903 మందిని బడిలో వచ్చిన ఇంటర్నల్ మార్కులతోనే పాస్ చేశారు. అంతమందికి పనికొచ్చిన ఆ మార్కులు, తండ్రిని కాటికి పంపి వచ్చిన ఒక్క పిల్లకు ఒక్క పేపరుకు ఎందుకు పనికిరావు? దొంగ సర్టిఫికెట్లు తెస్తారని అంటారు. మరణాన్ని పంచాయతీ కార్యదర్శి నమోదు చేస్తాడు, హెడ్మాస్టరు సంతకం పెడతాడు. ఊళ్లో చావు దాగదు బిడ్డా.

నిబంధన కదలడానికి ఏళ్లు పట్టనక్కరలేదు. 2024 ఫిబ్రవరి చివర మీ ఆదిలాబాద్ జిల్లాలోనే, కొద్ది నిమిషాలు ఆలస్యమైందని హాలులోకి రానివ్వకపోతే ఒక ఇంటర్ పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. రోజుల్లోనే ఇంటర్ బోర్డు ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చింది. ఆ ఐదు నిమిషాలు ఒక ప్రాణం పోయాక వచ్చాయి. దుఃఖం సంగతిలో అట్లా కానీయకూడదు.

అందుకని నీకొక పని చెబుతున్నాను. పరీక్షలు అయిపోయాక, నీ మండలంలో ఇంట్లో చావుతో పరీక్ష రాసిన పిల్లలు, రాయలేకపోయిన పిల్లలు ఎవరో మిగతా బడుల టీచర్లను అడుగు. పేర్లు బయటికి రాకుండా, ఏ పేపరు, ఏం జరిగింది, ఆ బిడ్డ ఏం పోగొట్టుకుంది అన్నది ఒక పేజీలో రాసి హెడ్మాస్టరు ద్వారా డీఈఓకు పంపు. మీ ఉపాధ్యాయ సంఘం సమావేశంలో తీర్మానం పెట్టించు. జగిత్యాల వైపు నా పాత సోపతిగాళ్లతో నేనూ ఇదే రాయిస్తాను. ముసాయిదా కావాలంటే నువ్వు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చొని రాద్దాం.

పైలం.

నీ పెద్దబాపు