కారు ఎందుకు మొరాయించింది?

పిల్లలూ,

చలి ప్రాంతం నుంచి బదిలీ మీద హుగ్లీ ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్‌కు వచ్చిన తొలి ఏప్రిల్‌లోనే మా పాత కారు మొరాయించింది. ఉదయం బాగానే స్టార్టయ్యేది. మధ్యాహ్నం ఎండలో ఆపి మళ్ళీ తాళం తిప్పితే మూలిగేది. "బ్యాటరీ మార్చేయండి" అన్నారందరూ. అంత డబ్బు పెడితే ఆ నెల ఇల్లు గడవడమే కష్టం.

ముందు చెవి పెట్టి వినాలి. ఇంజను బరువుగా తిరిగితే లోపం కరెంటు దారిలో: బ్యాటరీ, తీగలు, స్టార్టర్ మోటారు. చురుగ్గా తిరిగినా అంటుకోకపోతే పెట్రోలు, నిప్పురవ్వల వైపు చూడాలి. మాది మొదటి రకం.

తర్వాత కొలవాలి. బ్యాటరీలో 6 గదులు. ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు, మొత్తం 12.6. మాది అంతే చూపింది. తాళం తిప్పినప్పుడూ 10 కన్నా దిగలేదు. అంటే బ్యాటరీ నిర్దోషి! తీగ చివర తెల్లటి పొడి పేరుకుంది. కరెంటుకు అదే అడ్డు. వేడికి రాగి తీగ నిరోధం కూడా పెరుగుతుంది కాబట్టి ఉదయం దాగిన జబ్బు మధ్యాహ్నం బయటపడింది. మెకానిక్ పొడి గీకి, తీగ బిగించాడు. కారు ఒక్క తిప్పుకే లేచింది.

ఎద్దు మొరాయిస్తే మంచి రైతు అదిలించే ముందు మెడ మీద కాడి పుండు ఉందేమో చూస్తాడు. కొత్త బడిలో పాఠం ఎక్కకపోతే మీరూ "నాకు రాదు" అనకండి. ఎక్కడ ఆగిందో వెతకండి.