బండి ఎందుకు ఆగింది?

అక్కలారా! మన రోలుగుంట నుంచి సరుకు కదలాలంటే వ్యాను కావాలి. నర్సీపట్నం వెళ్లాలన్నా, చోడవరం వెళ్లాలన్నా, అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు వెళ్లాలన్నా అంతే. కొందరి ఇళ్లలో పాత డీజిల్ వ్యాను ఉంటుంది. దాని మీదే ఇల్లు నడుస్తుంది.

తెల్లవారుజామున ఆ వ్యాను దారిలో ఆగిపోతే? వంకాయలు వాడిపోతాయి. బేరం పోతుంది. కిరాయి పోతుంది. "పంపు పోయింది, వేలల్లో అవుతుంది" అని ఎవరైనా అంటే అప్పు చేస్తాం.

కానీ బండి ఆగిన ప్రతిసారీ పంపు పోదు. చాలాసార్లు లోపం చిన్నదే. "ఇది మగాళ్ల పని, మనకెందుకు" అనుకోవద్దు. ఖర్చయ్యే డబ్బు మన ఇంటిదే కదా! తెలుసుకుందాం రండి.

ఇంజను సంగతి

రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు ఈ ఇంజనును తయారుచేశాడు. ఆయన పేరే దీనికి వచ్చింది. 1897లో జర్మనీలో ఈ ఇంజను బాగా నడిచింది. 1900లో పారిస్ నగరంలో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు!

పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. డీజిల్ ఇంజనుకు అక్కర్లేదు. సైకిలుకు గాలి కొట్టాక పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. ఈ ఇంజను లోపల గాలిని ఇంకా గట్టిగా నొక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిల్‌ను సన్నని తుంపరలా చిమ్ముతుంది. వెంటనే అది మండుతుంది.

డీజిల్ దారి

డీజిల్ ఈ దారిన వెళుతుంది.

1. ట్యాంకు.
2. ఫీడ్ పంపు. ఇది ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగుతుంది.
3. ఫిల్టర్. ఇది టీ వడగట్టే జాలి లాంటిది. మురికిని ఆపుతుంది.
4. పెద్ద పంపు. ఇది డీజిల్‌ను గట్టిగా తోస్తుంది.
5. నాజిల్. ఇది డీజిల్‌ను తుంపరగా చిమ్ముతుంది.

బండి ఆగితే ఈ దారి వెంట ఒక్కొక్కటీ చూడాలి. ఖర్చు లేనివి ముందు చూడాలి. ఖర్చయ్యేవి చివర చూడాలి.

ముందు ఇవి చూడండి

ట్యాంకులో డీజిల్ ఉందా? పాత బండి ముల్లును నమ్మవద్దు. శుభ్రమైన పుల్ల ముంచి చూడాలి.

ఇంజను ఆపే తీగ వెనక్కి వచ్చిందా? చాలా పాత బండ్లలో ఈ తీగ లాగితే డీజిల్ ఆగిపోతుంది. తీగ వెనక్కి రాకపోతే ఇంజను స్టార్ట్ అవ్వదు.

ట్యాంకు మూత తీసి చూడండి. "స్స్" అని గాలి లోపలికి పోయిందా? ఆ తర్వాత బండి స్టార్ట్ అయిందా? అయితే మూతకున్న సన్న రంధ్రం పూడిపోయినట్టే. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె సరిగా రాదు. గాలి పోవడానికి ఇంకో చిల్లు కావాలి. ట్యాంకు కూడా అంతే. మూత శుభ్రం చేస్తే చాలు.

గాలి పడితే

"ఏటి తమ్ముడూ, నిన్న బాగానే నడిచింది కదా?"

"డీజిల్ అయిపోయి ఆగిపోయింది వదినా. మళ్లీ పోశాను. అయినా స్టార్ట్ అవ్వట్లేదు."

"అయితే గొట్టంలో గాలి పట్టేసి ఉంటాది. మన చేతిపంపు ఎండిపోతే ఏటి చేస్తాం? పైనుంచి నీళ్లు పోసి కొడతాం. ఇదీ అలాంటిదే."

ఆ వదిన మాట నిజం. గొట్టంలో గాలి ఉంటే డీజిల్ ముందుకు పోదు. ఆ గాలి ఇలా తీయాలి. ఇంజను ఆపాలి. చల్లారనివ్వాలి. చక్రాలకు రాళ్లు పెట్టాలి. ఫిల్టర్ మీద గాలి తీసే స్క్రూ ఉంటుంది. దాన్ని పానాతో కొంచెం వదులు చేయాలి. కింద డబ్బా పెట్టాలి. ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే మీట ఉంటుంది. దాన్ని కొడుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది. బుడగలు వస్తాయి. బుడగలు లేని డీజిల్ రాగానే స్క్రూ బిగించాలి. తర్వాత స్టార్ట్ చేయాలి. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టవద్దు. కొంచెం ఆగి మళ్లీ కొట్టాలి. లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

రోజూ పొద్దున్నే ఇలాగే అవుతోందా? అయితే గాలి ఎక్కడినుంచో చేరుతోంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య గొట్టం చూడండి. అక్కడ చీలిక ఉంటే బండి నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు. గాలే లోపలికి పోతుంది. అందుకే కంటికి కనబడదు. గొట్టం మార్చాలి. క్లిప్పు బిగించాలి.

నీళ్లు చేరితే

వానాకాలం మూత నుంచి నీళ్లు దిగుతాయి. మురికి డబ్బాల నుంచీ చేరతాయి. అప్పుడు బండి దగ్గుతున్నట్టు నడుస్తుంది. ఫిల్టర్ అడుగున స్క్రూ ఉంటే విప్పి గాజు సీసాలో కొంచెం పట్టండి. కాసేపు కదపవద్దు. డీజిల్ నీళ్లకన్నా తేలిక. డీజిల్ పైన తేలుతుంది. నీళ్లు అడుగున నిలుస్తాయి. నీళ్లు పోయేదాకా వంపాలి. వంపినది చెరువులో, బావి దగ్గర పారబోయకూడదు.

బండి ఖాళీగా పోతుంది, బరువుతో ఎత్తు ఎక్కలేదు. అప్పుడు ఫిల్టర్ పూడి ఉండవచ్చు. ఫిల్టర్ మార్చండి. మార్చాక గాలి తీయడం మరువకండి.

కిరోసిన్ కలిపితే చవక అని కొందరు చెబుతారు. వినకండి. పెద్ద పంపు లోపలి భాగాలకు డీజిలే నూనెలా పనిచేస్తుంది. కిరోసిన్‌కు ఆ జిగురు తక్కువ. పంపు అరిగిపోతుంది.

ప్రాణం ముఖ్యం

గొట్టం నోట్లో పెట్టి డీజిల్ పీల్చకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించవద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నాజిల్ గొట్టాలు విప్పడం మెకానిక్ పని. అక్కడి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనబడుతుంది. లోపల చెయ్యి పాడవుతుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ పాఠం పాత బండ్లకే. కంప్యూటరు ఉన్న కొత్త బండ్ల గొట్టాలు విప్పవద్దు.

బిల్లు చదువుదాం

ఇవన్నీ చూసినా బండి కదలకపోతే మెకానిక్‌ను పిలవండి. మనం చూసినవన్నీ చెప్పండి. ఆయన పని సులువవుతుంది. ఏం మార్చారో అడగండి. పాత సామాను చూపించమనండి. బిల్లు రాయించుకుని చదవండి. నోటు పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, ఖర్చు రాయండి. చదువు నేర్చింది ఇందుకే కదా!

చెప్పండి
1. డీజిల్ ఏ దారిన నాజిల్ దాకా వెళుతుంది?
2. సీసాలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? ఎందుకు?
3. గొట్టంతో డీజిల్ ఎందుకు పీల్చకూడదు?

రాయండి
ట్యాంకు, పంపు, ఫిల్టర్, నాజిల్, బిల్లు.

చేయండి
మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ బండి ఉందా? ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడిగి తేదీ రాయండి.