నాలుగు చక్రములు నేలను విడువకుండుట యెట్లు?



కొన్ని సంవత్సరముల క్రిందట పదవ తరగతి పరీక్షల దినములలో మేము అయిదుగురు బాలురను మా పాత జీపులో ఎక్కించుకొని, కోరాపుట్ కొండలలోని యొక పల్లె నుండి పరీక్షా కేంద్రమునకు బయలుదేరితిమి. ముందటి రాత్రి కురిసిన అకాల వర్షమునకు బాటపై ఏటవాలుగా గండి పడియున్నది. జీపు దానిని దాటుచుండగా ఎడమవైపు ముందు చక్రమును, కుడివైపు వెనుక చక్రమును గాలిలో వ్రేలాడినవి. ఇంజను గర్జించినది. వ్రేలాడు చక్రములు గిరగిర తిరిగినవి. నేలమీది చక్రములు కదలలేదు. పిల్లలు దిగి, రాళ్లు పేర్చి, భుజములిచ్చి త్రోసిరి. బురద బట్టలతో వారు పరీక్ష గదిలో అడుగు పెట్టునప్పటికి గంట కొట్టి ఇరువది నిమిషములైనది.

మరునాడు వారిలో ఒకడు మమ్ములను అడిగినాడు: "మాస్టారూ, ఈ జీపులో నాలుగు చక్రాలకూ ఇంజను బలం వస్తుందన్నారు కదండీ. రెండు చక్రాలు నేలమీదే ఉన్నాయి. అవెందుకు లాగలేదండీ?" ఆనాడు మావద్ద సమాధానము లేకపోయినది. తరువాత మెకానిక్కు షెడ్డులో కూర్చుండి నేర్చుకొన్నదానిని ఇచట పాఠముగా వ్రాయుచున్నాము.

1. కారణము

ప్రతి ఇరుసు నడుమను డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల పెట్టె యుండును. బండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలి చక్రము కంటె ఎక్కువ దూరము పోవలెను. అందుకు వీలుగా ఈ పెట్టె రెండు చక్రములను వేర్వేరు వేగములతో తిరుగనిచ్చును. అయితే త్రిప్పు బలమును మాత్రము రెండింటికిని సమానముగనే పంచును. ఒక చక్రము గాలిలో నున్నచో దానిని త్రిప్పుటకు స్వల్పబలము చాలును. కావున రెండవ చక్రమునకును అంత స్వల్పబలమే చేరును. మా జీపులో ముందు ఇరుసున ఒకటియు, వెనుక ఇరుసున ఒకటియు లేచినందున రెండు ఇరుసులును నిరుపయోగములైనవి. నాలుగు చక్రములకు బలము వచ్చిన చాలదు; అవి నేలను పట్టి యుండవలెను.

2. ఒదుగు అననేమి?

ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేలపైనను కదలక నిలుచును. నాలుగు కాళ్ల బల్లకు ఏదో ఒక కాలు లేచును. ట్రాక్టరును గమనింపుడు. దాని ముందు ఇరుసు నడుమనున్న ఒక్క సీలపై ఇటునటు ఊగును. అందుచేత గట్లు దాటునపుడును దాని చక్రములు నేలను అంటియుండును. జీపులో ఆ పనిని కమాను కట్టలు చేయవలెను. ఇరుసు ఒక కొన పైకి లేచినపుడు రెండవ కొన క్రిందికి దిగవలెను. చక్రములు ఇట్లు ఎత్తుపల్లములను అనుసరించి లేచి దిగు గుణమును 'ఆర్టిక్యులేషన్' అందురు. మనము 'ఒదుగు' అని చెప్పుకొందము.

3. కొలత

ఒదుగును కొలుచుటకు 20 డిగ్రీల వాలుదిమ్మెపైకి ఒక ముందు చక్రమును మెల్లగా ఎక్కింతురు. ఏదైన మరియొక చక్రము నేలను విడువబోవునంతలో ఆపి, వాలు వెంట ఎంత దూరము ఎక్కినదో చూతురు. ఆ దూరమును ముందు వెనుక ఇరుసుల నడిమి దూరముచే భాగించి 1000 చే గుణింతురు. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లిస్ జీపునకు ఇరుసుల నడిమి దూరము 80 అంగుళములు. అట్టి బండి వాలుపై 40 అంగుళములు ఎక్కినదనుకొనుడు. అంకె 500 అగును. చక్రము ఎంత ఎత్తునకు లేచినదో త్రికోణమితి నేర్చినవారు లెక్కింపవచ్చును: 20 డిగ్రీల సైను విలువ 0.342 గనుక, ఎత్తు సుమారు 13.7 అంగుళములు.

4. మెరుగుపరచు విధము

మెకానిక్కు కమాను కట్టలను విప్పి చూపగా తప్పు మాదేయని తేలినది. పాఠశాలకు బియ్యపు బస్తాలు తెచ్చుటకై మేమే పూర్వము ఒక్కొక్క కట్టకు రెండేసి పట్టీలు అదనముగా వేయించితిమి. పైగా పట్టీల నడుమ త్రుప్పు పట్టి, అవి ఒకదానిపై ఒకటి జారక ఒకే ఇనుపదిమ్మె వలె బిగిసియున్నవి.

మొదటి పని శుభ్రము. పట్టీలను విడదీసి, త్రుప్పు గీకి, గ్రీజు పూయవలెను. అరిగిన బుష్షులను మార్చవలెను. దీనికి ఖర్చు స్వల్పము, ఫలము అధికము.

రెండవది పట్టీల ఎంపిక. పట్టీ మందము రెట్టింపైనచో బిరుసు ఎనిమిది రెట్లగును. పొడవు రెట్టింపైనచో బిరుసు ఎనిమిదవ వంతగును. కావున పలుచని, పొడవైన పట్టీలు బాగుగా వంగును. కాని మోయవలసిన బరువునకు చాలినన్ని పట్టీలు ఉండితీరవలెను.

మూడవది షాక్ అబ్జార్బరు. అది పొట్టిదైనచో కమాను దిగగలిగినను చక్రమును దిగనీయదు. మరీ పొడవైనచో చక్రము పైకి వచ్చినపుడు అదియే ముందుగా కొట్టుకొని చెడును. చక్రము మిక్కిలి పైకి వచ్చినప్పటి కొలతయు, మిక్కిలి దిగినప్పటి కొలతయు తీసికొని తగినదానిని అమర్చవలెను.

నాలుగవది యాంటీ రోల్ బార్. కొన్ని బండ్లలో ఈ కడ్డీ మలుపులలో బండి ఒరుగకుండ కాపాడును గాని, ఒదుగును తగ్గించును. రాళ్లబాటలో మెల్లగా పోవునపుడు దానిని విడదీసి, రోడ్డు ఎక్కకమునుపే తిరిగి బిగింతురు. జీప్ రాంగ్లర్ రూబికాన్ బండిలో 2007 నమూనా నుండి ముందు కడ్డీని మీటతోనే విడదీయు ఏర్పాటు కలదు.

5. హెచ్చరిక

బండిని ఎత్తు చేసినంతమాత్రమున ఒదుగు పెరుగదు. గరిమనాభి పైకి పోయి, ప్రక్కవాలులో బండి బోర్లపడు ప్రమాదము మాత్రము పెరుగును. చక్రము ఎక్కువగా దిగునట్లు చేసినపుడు బ్రేకు గొట్టము పొడవు చాలునో లేదో తప్పక చూడవలెను. అది తెగినచో కొండదారిలో ప్రాణములకే ముప్పు. ప్రొపెల్లర్ షాఫ్టు జారు కీలు ఊడిపోకుండ నున్నదో లేదో అదియు చూడవలెను. నమోదుపత్రములోని తయారీదారు వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నదని మరువరాదు.

మేము అదనపు పట్టీలను తీయించి, త్రుప్పు గీకించి, గ్రీజు పూయించితిమి. అంతకుమించి ఏమియు చేయలేదు. మరుసటి సంవత్సరము అదే బాటలో అట్టి గండియే ఎదురైనది. ముందు చక్రమొకటి జానెడు లేచినది గాని, వెనుక చక్రములు రెండును నేలను పట్టినందున జీపు దాటిపోయినది. ఆ యేటి పిల్లలు గంట కొట్టకమునుపే తమ స్థానములలో కూర్చుండిరి.

మొదట ప్రశ్న అడిగిన బాలునికి ఈ సమాధానము ఆలస్యముగా చేరుచున్నది. అతడు పోగొట్టుకొన్న ఇరువది నిమిషములను మేము తిరిగి ఇయ్యలేము. ఇతర విద్యార్థులు మీ ఊరి ట్రాక్టరు ముందు ఇరుసును, జీపు కమాను కట్టలను పరిశీలించి, బొమ్మలు గీచి తరగతికి తీసికొని రావలెను.